సికింద్రాబాదు నుంచి ఉత్తరాదికి... వయా హింగన్‌ఘాట్

ఉత్తరాదిలో ఆరు నెలల ప్రాజెక్టు పడిందనగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఎక్సెల్ షీటు తెరవడం. అందులో టాస్కులు ఉంటాయనుకునేరు... ఉండవు. లాంగ్ వీకెండ్లు ఉంటాయి. రిషికేశ్‌లో రాఫ్టింగు, ధర్మశాల పైన త్రియుండ్, వాన తగ్గకముందే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, మంచు పడ్డాక కేదార్‌కంఠ. క్లయింటు నోయిడాలో ఉంటే ఏమిటి, గుర్గావ్‌లో ఉంటే ఏమిటి, శుక్రవారం రాత్రి బస్సెక్కితే శనివారం పొద్దున్నకి కొండ కింద ఉంటాం. హైదరాబాదులో ఉండి ఇవన్నీ చెయ్యాలంటే వారం రోజులు సెలవు పెట్టాలి. కాబట్టి ఈ ఆత్రాన్ని నేను తప్పు పట్టను. నా షీటూ అలాంటిదే.

ఇలాంటి షీట్లన్నిట్లోనూ ముస్సోరీ ఉంటుంది. ముస్సోరీ కింద 'జార్జ్ ఎవరెస్ట్ హౌస్' అని ఒక లైను ఉంటుంది. లైబ్రరీ చౌక్ నుంచి ఆరేడు కిలోమీటర్లు, హాథీపావ్ అనే చోట, కొండ అంచున ఒక పాత బంగళా. అందరూ అక్కడ నిలబడి ఫోటో దిగుతారు. ఆ ఎవరెస్టు దొర ఈ కొలతల ఉద్యోగంలో చేరింది మన హైదరాబాదులో అని, ఇక్కడినుంచే ఉత్తరానికి బయల్దేరాడని, మన గోదావరి అడవుల్లో దాదాపు చచ్చి బతికాడని మాత్రం ఆ ఫోటోల కింద ఎవరూ రాయరు. ఆ కథే ఈ పూట.

సికింద్రాబాదు పుట్టిందే ఇంగ్లీషు పటాలం కోసం. 1798లో నిజాం కంపెనీవాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. హుస్సేన్ సాగర్‌కి ఇవతల పటాలం దిగింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి సికింద్రాబాదు అని పేరొచ్చింది. అలా కంపెనీకి ఇక్కడ కాలు నిలిచాక దాని వెనకే వచ్చిన వాళ్ళలో విలియం లాంబ్టన్ ఒకడు. ఆయన సైనికుడే కానీ ఆయన పిచ్చి వేరు. భూమి ఎంత గుండ్రంగా ఉంది, ఎక్కడ ఎంత నొక్కుకుపోయింది అన్నది కొలవాలి. కంపెనీకి ఆ లెక్కతో పెద్ద పని లేదు. వాళ్ళకి కావాల్సింది కొత్తగా చేతికొచ్చిన నేలకి పటాలు... పన్నులు వెయ్యడానికి, పటాలాలు నడపడానికి. లాంబ్టన్ ఆ అవసరాన్ని చూపించి తన పనికి డబ్బు రాబట్టుకున్నాడు. ఆఫీసు ప్రాజెక్టులో సొంత ప్రాజెక్టు కలిపెయ్యడం అన్నమాట. ఈ విద్య మనతో మొదలవలేదు!

పద్ధతి పదో తరగతి లెక్కే. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్క కట్టచ్చు. కట్టిన భుజం పక్క త్రిభుజానికి ఆధారం. అలా కొండ నుంచి కొండకి, గుడి గోపురం నుంచి కోట బురుజుకి అల్లుకుంటూ పోవడమే. నేల మీద గొలుసు పట్టి కొలవాల్సింది మొదటి భుజం ఒక్కటే. 1802 ఏప్రిల్లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన ఏడున్నర మైళ్ళ గీతని వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచారు. గొలుసుని చెక్క తొట్లలో పరిచి, ఎండ తగలకుండా నీడ పట్టి, పక్కన ఉష్ణమాపకం పెట్టుకుని మరీ కొలిచారు. ఎందుకంటే ఎండకి ఉక్కు సాగుతుంది. ఇక్కడ వెంట్రుకవాసి తప్పితే వెయ్యి మైళ్ళ అవతల అది ఎంతవుతుందో చెప్పలేం. మనం అనే 'ఎర్రర్ ప్రాపగేషన్' ఇదే.

అందుకని మధ్యమధ్య ఇంకో గీత కొలిచేవారు. ముందు లెక్క కట్టి పెట్టుకోవడం, తరవాత నేల మీద కొలిచి రెండూ సరిపోతున్నాయో లేదో చూడడం. 1815లో బీదరు దగ్గర అలాంటి గీత ఒకటి కొలిచారు. యూనిట్ టెస్టు అంటే తెలియని రోజుల్లో యూనిట్ టెస్టు!

కోణాలు కొలిచే యంత్రం పేరు థియోడలైటు. లండన్‌లో కేరీ అనే ఆయన చేశాడు. అర టన్ను బరువు. దాన్ని తెస్తున్న ఓడని ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు, తరవాత మర్యాదగా తిరిగిచ్చారు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదకి ఎక్కిస్తుంటే తాడు జారి గోడకి కొట్టుకుంది. చక్రం వంకరపోయింది. లాంబ్టన్ గుడారంలో కూర్చుని కొన్ని వారాల పాటు తానే సుత్తితో, చీలలతో దాన్ని మళ్ళీ గుండ్రంగా లాగాడు. ఆ అర టన్నుని ప్రతి కొండ మీదికీ మోసిన వాళ్ళు మాత్రం మనవాళ్ళే అని వేరే చెప్పక్కర్లేదు.

1818 జనవరి 1న ఈ పనికి 'గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే' అని పేరు పెట్టి, మద్రాసు నుంచి తీసి గవర్నర్ జనరల్ కిందకి మార్చారు. లాంబ్టన్ మకాం హైదరాబాదు. వయసు అరవై దాటింది. సాయానికి ఒక కుర్రాడు కావాలి. ఆ ఏడాది చివర్లో వచ్చిన కుర్రాడే జార్జ్ ఎవరెస్ట్. వయసు 28. మనలో చాలామంది టీమ్ లీడ్ అయ్యే వయసు. అప్పటికే జావాలో సర్వే చేసి వచ్చాడు. తెలివైనవాడు, కోపిష్టి, తనని తాను నిరూపించుకోవాలన్న తొందర ఉన్నవాడు. ఇలాంటి వాళ్ళని మనందరం చూశాం, ఎవరి కిందో ఒకరి కింద పని చేశాం కూడా.

1819లో ఆయనకి ఇచ్చిన మొదటి పని కృష్ణా గోదావరుల మధ్య, నిజాం రాజ్యపు తూర్పు జిల్లాలు. వెంట డాక్టరు హెన్రీ వోయ్‌సీ. ఈయన వైద్యుడే కాదు, రాళ్ళు చదివేవాడు కూడా, మన దేశంలో భూగర్భ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడిగా లెక్క. జెండాలు పట్టేవాళ్ళు, బోయీలు, కూలీలు, కాపలా సిపాయిలు అందరూ కలిపి దాదాపు 150 మంది. మొదట్లోనే నిజాం సర్కారు ఇచ్చిన కాపలావాళ్ళు మేం రాం పొమ్మన్నారు. ఎవరెస్టు వాళ్ళని కొరడాలతో కొట్టించి దారికి తెచ్చాడు. తరవాత పొంగుతున్న నదులు దాటించాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. వానాకాలంలో అడవికి ఎందుకు వెళ్ళినట్టు?

జవాబు సాంకేతికమైనది, అందుకే నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది. ఎండాకాలంలో మన గాలి నిండా దుమ్ము, వేడి తెరలు. ముప్ఫై మైళ్ళ అవతల కొండ మీద జెండా కనపడదు, కనపడినా వణుకుతూ ఉంటుంది. వాన పడి వెలిసిన పూట గాలి కడిగినట్టు ఉంటుంది. కోణాలు కచ్చితంగా వస్తాయి. అంటే డేటాకి మంచి రుతువు వానాకాలం. మనిషికి చెడ్డ రుతువూ అదే. రెండిట్లో దేన్ని ఎంచుకోవాలన్నది ఆ రోజుల్లో ప్రశ్నే కాదు. డేటాయే ముఖ్యం.

గోదావరి వైపు ఎల్లాపురం అడవుల్లో జ్వరం పట్టుకుంది. ముందు ఎవరెస్టుకి, వోయ్‌సీకి, తరవాత ఒకరూ ఇద్దరూ కాదు, దాదాపు అందరికీ. నడవలేని మనుషుల్ని తీసుకురావడానికి హైదరాబాదు నుంచి ఏనుగుల్ని, డోలీలని పంపాల్సి వచ్చింది. 15 మంది దారిలో పోయారు. ఎవరెస్టు బతికాడు గానీ ఒళ్ళు గుల్లయింది. 1820 చివర్లో ఆరోగ్యం కోసం ఆయన్ని దక్షిణాఫ్రికాలోని కేప్‌కి పంపారు, సుమారు ఏడాది తరవాత తిరిగొచ్చాడు.

ఆ పదిహేను మంది సంగతి చూడండి. చరిత్ర పుస్తకాలు వాళ్ళని అంకె చెప్పి వదిలేస్తాయి. ఎవరెస్టు జ్వరం ఎలా వచ్చింది, ఎలా పోయింది, కేప్‌లో ఏం చేశాడు అన్నీ ఉంటాయి. వాళ్ళు ఏ ఊరివాళ్ళు, నెలకి ఎంత జీతం, ఇంటి దగ్గర ఎవరున్నారు... ఇవేవీ కథలోకి రావు. అలాంటివాళ్ళు కొండ మీద జెండా పట్టుకుని రోజుల తరబడి నిలబడితేనే ఇటువైపు దొర దుర్భిణిలో కోణం కనపడింది. త్రిభుజానికి మూడు మూలలుంటే మూడు మూలల్లోనూ మనిషి ఉండాలి. పటం మీద మాత్రం చుక్కలే మిగిలాయి.

అన్నట్టు, ఆ అడవి జ్వరం ఏమిటి? చెడుగాలి వల్ల వస్తుందని అప్పటి నమ్మకం. మలేరియా అన్న మాటకి అర్థమే అది. దానికి జవాబు దొరకడానికి సరిగ్గా 78 ఏళ్ళు పట్టింది, దొరికింది కూడా మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో పటాలం డాక్టరు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. నెల తిరిగేసరికి ఆయన్నీ ఉత్తరానికే బదిలీ చేశారు, రాజపుతానాలోని ఖేర్వారాకి. అక్కడ మలేరియా కేసులు పెద్దగా లేవు! రీసెర్చి మధ్యలో ఉండగా మేనేజ్‌మెంటు మనిషిని ఇంకో ప్రాజెక్టులో పడెయ్యడం కూడా కొత్తేం కాదన్నమాట. ఆయన ఆ తరవాత కలకత్తా చేరి, పక్షుల మలేరియా మీద మిగతా సగం తేల్చి, 1902లో నోబెల్ తీసుకున్నాడు.

మళ్ళీ అసలు కథకి వద్దాం. 1823 జనవరిలో లాంబ్టన్ తన మకాం హైదరాబాదు నుంచి నాగపూరుకి మార్చాలని బయల్దేరాడు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, ఒంట్లో బాగాలేదు. అయినా పని ఉత్తరానికి జరుగుతోంది కాబట్టి తానూ జరగాలి. దారిలో హింగన్‌ఘాట్‌లో పోయాడు. సమాధి అక్కడే. అప్పటికి ఆయన, ఆయన మనుషులు కలిసి కొలిచింది సుమారు 1,65,000 చదరపు మైళ్ళు.

హింగన్‌ఘాట్ ఎక్కడుందో మీకు తెలుసు. తెలియదనుకుంటున్నారు అంతే. సికింద్రాబాదులో ఢిల్లీ బండి ఎక్కితే... ఒకప్పటి ఏపీ ఎక్స్‌ప్రెస్, 2014 నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్... కాజీపేట, బల్లార్షా దాటాక, నాగపూరుకి ముందు వస్తుంది. కారులో నాగపూరు హైవే మీద వెళ్ళినా నిర్మల్, ఆదిలాబాద్ దాటాక అదే ఊరు. ఉత్తరాది ప్రాజెక్టుకి రైల్లోనో కారులోనో వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది, పటాల పని మీద ఉత్తరాదికి బయల్దేరి చేరుకోలేకపోయిన ఆ ముసలాయన పక్కనుంచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెళ్ళిపోతూ ఉంటారు.

ఇంకో తమాషా. లాంబ్టన్ గీత 78వ రేఖాంశాన్ని అంటిపెట్టుకుని సాగింది. సికింద్రాబాదు సుమారు 78.5 దగ్గర ఉంది. డెహ్రాడూను 78. ముస్సోరీ కూడా అంతే. అంటే మన ఊళ్ళో ధ్రువ నక్షత్రం వైపు మొహం పెట్టి నడక మొదలుపెడితే ఇంచుమించు ముస్సోరీ కొండల దగ్గర తేలతాం. 'పైకి' వెళ్తున్నాం అని ఊరికే అనట్లేదు.

లాంబ్టన్ పోయాక బాధ్యత ఎవరెస్టు మీద పడింది. జ్వరం మిగిల్చిన నొప్పులతో కాళ్ళూ చేతులూ సరిగ్గా ఆడేవి కావు, యంత్రం దగ్గర కూర్చోబెట్టడానికీ లేపడానికీ మనుషులు కావాల్సి వచ్చేది. ఆ స్థితిలోనే మధ్య భారతంలో సిరోంజ్ దాకా పని లాగాడు. 1824లో అక్కడ మళ్ళీ ఆధార గీత కొలిచి, 1825లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ఎల్లాపురం తరవాత పద్ధతి మార్చాడు. రాత్రిపూట దీపాలతో, నీలి మంట వెలిగించే మందుతో సంకేతాలిచ్చి కొలవడం మొదలుపెట్టాడు. రాత్రి గాలి పొరల్లో కాంతి వంగడం వల్ల పగలు దిగంతం కింద దాక్కున్న దూరపు స్టేషను కూడా పైకి లేచి కనపడుతుంది. దాంతో వానాకాలం దాకా ఆగక్కర్లేదు, పొడి రోజుల్లోనే పని జరుగుతుంది. 1830లో సర్వేయర్ జనరల్‌గా తిరిగొచ్చాక గంగా మైదానంలో పని అంతా ఈ పద్ధతిలోనే. అక్కడ కొండలు లేవు కాబట్టి రాతి బురుజులు కట్టించాడు. చూపుకి అడ్డం వచ్చిన చెట్లు కొట్టించాడు, ఇళ్ళు కూడా కూల్పించాడు. ఆ ఊళ్ళవాళ్ళకి ఇది సైన్సులా కనపడి ఉండదు. 1843లో రిటైరయ్యేనాటికి కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా సుమారు 2,400 కిలోమీటర్ల గీత పూర్తయింది. ముస్సోరీ బంగళా ఆ చివరి దశలో ఆయన ఇల్లూ, ఆఫీసూ. ఇంటి నుంచి పని!

నాకు బుర్రలో తిరిగేది ఇది. మంచి ఇంజనీరు సమస్య చూసి పద్ధతి మారుస్తాడు, నిజమే. కానీ మార్చడానికి ముందు పదిహేను మంది పోవాల్సి వచ్చింది. వానలో అడవి జ్వరం వస్తుందని అక్కడి ఏ గూడెంలో అడిగినా చెప్పేవాళ్ళు. అడవిలో ఎప్పుడు దిగకూడదో అక్కడివాళ్ళకి తెలియకుండా ఉంటుందా? ఆ తెలివి దొర దగ్గర ఉన్న అర టన్ను యంత్రంలో లేదు.

దీని పక్కన ఇంకో ప్రయాణం పెట్టి చూడాలి. ఎవరెస్టు తిరిగొచ్చిన 1830లోనే మన ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీకి బయల్దేరారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. అంటే దొరల ఆఫీసులో పనిచేసే మనలాంటి ఉద్యోగి. మే 18న బయల్దేరి, దాదాపు వంద మందితో, పదిహేను నెలలు తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. హైదరాబాదు, సికింద్రాబాదు చూసి, నిర్మల్ మీదుగా నాగపూరు వెళ్ళారు. లాంబ్టన్ వెళ్ళిన వైపే. దారి పొడుగునా ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, నీళ్ళెలాంటివి, అడవి ఎక్కడ మొదలవుతుంది, సామాను ఎక్కడ దొరుకుతుంది అన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపారు. ఆయన పోయిన రెండేళ్ళకి, 1838లో పిళ్ళై గారు వాటిని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించారు. ఎవరెస్టు కొండ మీదనుంచి దూరం చూసి కొలిచాడు, వీరాస్వామయ్య దారిలో కనపడిన వాళ్ళని అడిగి రాసుకున్నారు. పటం తయారవ్వాలంటే మొదటిది కావాలి. మనుషులు క్షేమంగా ఇల్లు చేరాలంటే రెండోది కావాలి.

ఇదంతా రెండువందల ఏళ్ళ నాటి సంగతి అని కొట్టిపారెయ్యలేం. 2014 జూన్ 8 మనలో ఎవరు మర్చిపోగలరు? హైదరాబాదు ఇంజనీరింగు కాలేజీ పిల్లలు విహారయాత్రకి హిమాచల్ వెళ్ళారు. థలౌట్ దగ్గర బియాస్ నదిలో రాళ్ళ మీద దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. తప్పు పిల్లలది కాదు, చెప్పాల్సిన సమయంలో చెప్పని వ్యవస్థది. కానీ ఒక్క మాట. నది అడుగు కనపడుతోంది, రాళ్ళు పొడిగా ఉన్నాయి, వెలుతురు బాగుంది... ఫోటోకి అంతకన్నా మంచి చోటు లేదు. ఎల్లాపురంలో కూడా వాన వెలిసిన పూట వెలుతురు అలాగే ఉండి ఉంటుంది.

కాబట్టి మన ఎక్సెల్ షీటుకి ఇంకో కాలమ్ కావాలి. ఇప్పుడు అందులో రెండే ఉంటాయి: రిలీజు ఎప్పుడు, సెలవు ఎప్పుడు. కొండకి మన రిలీజు డేటుతో పని లేదు. జులై, ఆగస్టుల్లో మనకి ఖాళీ దొరికింది కదా అని ఉత్తరాఖండ్‌లో కొండచరియలు ఆగవు. మూడో కాలమ్ 'ఈ రుతువులో అక్కడివాళ్ళు ఆ దారిన వెళ్తారా?' అన్నది. వాళ్ళు వెళ్ళకపోతే మనం వెళ్ళక్కర్లేదు. వెళ్తే, మన బ్యాగు మోసే మనిషి బూట్లు, రెయిన్‌కోటు, ఇన్సూరెన్సు గురించి కూడా ఒక ప్రశ్న అడగాలి. ట్రెక్కు డబ్బు కట్టేటప్పుడు క్యాన్సిలేషన్ పాలసీ రెండుసార్లు చదువుతాం కదా, ఇది ఒక్కసారి అడిగినా చాలు.

చివరిగా ఆ శిఖరం సంగతి. 1852లో రాధానాథ్ సిక్దర్ లెక్కల ఆధారంగా 'పీక్ 15' ప్రపంచంలో ఎత్తైనదని తేలింది, 29,002 అడుగులు. (2020లో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. ఆ దూరం నుంచి, ఆ యంత్రాలతో, ఎంత దగ్గరగా కొట్టారో చూడండి!) 1856లో ఆండ్రూ వా తన పాత బాసు పేరు దానికి ప్రతిపాదించాడు. స్థానికులు పలకలేరు, వాళ్ళ లిపుల్లో రాయలేరు అని ఎవరెస్టే అభ్యంతరం చెప్పాడు. పాపం, ఆయన తన పేరుని 'ఈవ్‌రెస్ట్' అనేవాడు. ఇప్పుడు ప్రపంచమంతా తప్పుగానే పలుకుతోంది. తెలుగులో మాత్రం సుబ్బరంగా రాస్తున్నాం.

2006 మేలో ఆ కొండ ఎక్కిన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు కొన్నాళ్ళు మనలాగే సాఫ్టువేరు ఉద్యోగం చేసినవాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో పోయాడు. 2014 మే 25న, బియాస్ ప్రమాదానికి సరిగ్గా రెండు వారాల ముందు, నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో ఆ శిఖరం ఎక్కింది. తోడు ఎక్కినవాడు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ మొదట కొండలెక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. సికింద్రాబాదు నుంచి గంట ప్రయాణం.

ఖమ్మం అంటే గోదావరి పక్క జిల్లా. 1819లో ఎవరెస్టుని డోలీలో మోసుకొచ్చింది ఆ వైపు నుంచే. ఈసారి ఆ వైపునుంచి వెళ్ళినవాడి పేరు మనకి తెలుసు.